ఇరవై ఒక్క తప్పులు

సోమవారం

ప్రియమైన పొల్లుకి,

నీ ఉత్తరం కోసం చూసి చూసి నా కళ్ళు కాయలు కాశాయి. నాన్న పోయి నాలుగు నెలలైంది. ఆ రోజు వచ్చావు, వరండాలో నిలబడ్డావు, సాయంత్రం బండికే వెళ్ళిపోయావు. నాన్న గది గుమ్మం కూడా తొక్కలేదు. వెళ్ళాక రెండే రెండు ఉత్తరాలు, రెండూ కలిపి పది వాక్యాలు. ఫోన్లో తిడదామంటే నాన్న మాట అడ్డమొస్తుంది కదా. ఫోన్లో తప్పు మాట్లాడితే దిద్దుకోవడానికి మార్జిను ఉండదు, ఏదైనా ఉంటే రాసుకోండి అనేవారు. అందుకే రాస్తున్నాను, తిట్లన్నీ నిండుగా చదువుకో.

మొదటి సంగతి. ఇల్లుగలావిడ ఈ నెలాఖరుకి తాళాలు ఇచ్చేయమంది. వాళ్ళ కూతురి కుటుంబం దిగుతుందట. నాకు నేను పనిచేసే మందుల షాపు పక్క వీధిలో చిన్న వాటా దొరికింది. నా సామానంటే ఒక పూట పని. నాన్న గది మాత్రం నేనొక్కదాన్నీ ముట్టుకోలేను. నువ్వు రావాలి.

రెండో సంగతి. నవ్వావంటే ఊరుకోను. నాన్న గదిలో ఎవరో ఉన్నారు.

నాకు షాపులో డ్యూటీ పన్నెండింటికి కదా. పదకొండు కొట్టేసరికి ఆ గదిలో కుర్చీ జరుగుతుంది. తర్వాత బ్లేడుతో పెన్సిలు చెక్కుతున్న చప్పుడు. ఆ తర్వాత కాగితం మీద సరసరా రాత. తలుపు తీస్తే ఎవరూ ఉండరు. కుర్చీ మాత్రం వెనక్కి జరిగి ఉంటుంది, బల్ల మీద పెన్సిలు పొట్టు. మొదటిసారి భయమేసింది. రెండోసారి ఏడుపొచ్చింది. మూడోసారి ఏమైందో విను. బజారు చీటీ ఆ బల్ల మీద పెట్టి మర్చిపోయాను. తిరిగొచ్చి చూస్తే నేను రాసిన 'అగ్గిపెటె' కింద ట ఒత్తు చేరింది. 'తాలం చెవి'లో ల కొట్టేసి పైన ళ. పక్కన నిలువు గీత, ఆ గీత మీద కొక్కెం, ఆయన వేసినట్టే. కోపం నషాళానికంటింది. పోయాక కూడా నా ఒత్తులు వదలరా నాన్నా అని గట్టిగా అరిచాను.

మేడ మీద టైలరమ్మకి కూడా కుర్చీ చప్పుడు వినపడుతోంది. "నలభై ఏళ్ళు ప్రెస్సులో కూర్చుని ముద్రారాక్షసాల్ని చంపారు కదమ్మా, ఇప్పుడవన్నీ కలిసి ఆయన్నే రాక్షసుణ్ణి చేశాయేమో," అంది. అని తనే నవ్వి, తనే కళ్ళు తుడుచుకుంది. మిమ్మల్ని పొల్లు, సున్నా అని ఎందుకు పిలిచేవారని కూడా అడిగింది. మా వాడు ప్రతి మాట చివరా అచ్చు మింగేసేవాడని వాడు పొల్లు, గుండ్రంగా ఉండేదాన్నని నేను సున్నా అని చెప్పాను. "ఇప్పటికీ సరిపోయింది," అంది నా వైపు చూసి. ఆవిడ దగ్గర ఇక రవికలు కుట్టించను.

వస్తున్నానని రాయి. ఇంకేమీ రాయకపోయినా పర్వాలేదు.

నీ
సున్నా

*

శుక్రవారం

ప్రియమైన సున్నక్కా,

ముందు ఆ కిటికీ రెక్కకి గడియ బిగించు. తర్వాత ఎలకలబోను తెచ్చుకో. కుర్చీ జరగడానికి గాలి చాలు, పెన్సిలు కొరకడానికి ఎలక చాలు. ఒత్తు సంగతంటావా, నువ్వే రాసి మర్చిపోయుంటావు. ఒంటరిగా ఉంటే గోడలు కూడా గొణుగుతున్నట్టే ఉంటుంది. ఇక్కడ నా రేకుల గది కూడా గొణుగుతుంది, నేను దానికి దెయ్యమని పేరు పెట్టలేదు.

వంతెన పని గడువు దగ్గరపడింది. ఉక్కు దూలాలన్నీ ఎక్కించేశారు. ఒక్కో అతుకూ నేను చూసి, దీపం వేసి చూసి, రంగు నీళ్ళు పూసి చూసి, పగులుంటే సుద్దతో చుట్టూ గీయాలి. నేను గీసిన చోటల్లా వెల్డరు నన్ను తిట్టుకుంటూ మళ్ళీ అతుకుతాడు. నాన్న అక్షరాల్లో పట్టిన తప్పులు నేను ఇనుములో పడుతున్నాను, అంతే తేడా. ఇలాంటప్పుడు సెలవడిగితే పై ఇంజణీరు నన్నే నదిలోకి తోస్తాడు. గది నువ్వే ఖాళీ చేయించు. పుస్తకాలు ప్రెస్సు వాళ్ళకిచ్చెయ్యి. నాకేమీ వద్దు.

ఒక్క మాట. ఆ బల్ల సొరుగుల్లో ఎక్కడైనా నాన్న నాకు రాసిన ఉత్తరం ఒకటి కనబడొచ్చు. ఎర్ర సిరాతో దిద్ది ఉంటుంది. అది కనబడితే చదవకు. చించి పొయ్యిలో వేసెయ్యి. ఇది మాత్రం తప్పకుండా చెయ్యి అక్కా.

నీ
పొల్లు

*

బుధవారం

ప్రియమైన పొల్లుకి,

గడియ బిగించాను. బోను కూడా పెట్టాను. ఎలక పడలేదు. కుర్చీ జరిగింది.

నీకు నమ్మకం లేదు కాబట్టి పరీక్ష పెట్టాను. మొన్న నీ ఉత్తరమూ, దానికి నేను మొదలుపెట్టిన జవాబూ పక్కపక్కన బల్ల మీద పెట్టి, గదికి తాళం వేసి షాపుకి వెళ్ళాను. మర్నాడు పదకొండు దాటాక తీసి చూశాను. నా జవాబులో నాలుగు చోట్ల పెన్సిలు. ఒక చోట పూర్తి వాక్యమే అటుది ఇటు చేశారు, నిజం చెప్పాలంటే అలాగే బాగుంది. నీ ఉత్తరం మీద ఒక్క గీత లేదు. నువ్వేమో 'పై ఇంజనీరు'లో న బదులు ణ రాశావు, దాన్ని కూడా వదిలేశారు. మర్నాడు మళ్ళీ పెట్టాను, మళ్ళీ అంతే. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఎప్పుడూ నీ ఉత్తరాల్నే కదా ఎక్కువ చీల్చి చెండాడేవారు!

నేనిప్పుడు భయపడటం లేదురా. పదకొండింటికి రెండు గ్లాసుల టీ పెట్టుకుని, ఒకటి ఆ బల్ల మీద పెట్టి, గుమ్మంలో కూర్చుంటున్నాను. ఆయన గ్లాసు అలాగే చల్లారిపోతుంది, తర్వాత అది కూడా నేనే తాగుతున్నాను. రోజుకి ఆ గంట కోసమే నిద్ర లేస్తున్నట్టుంది. నెలాఖరుకి తాళాలిచ్చేస్తే వచ్చేవాళ్ళు ఆ బల్ల తీసేసి మంచం వేస్తారు. అప్పుడీయన ఎక్కడ కూర్చుంటారు? షాపులో చీటీలు చదువుతున్నా నాకు ఇదే ఆలోచన.

సొరుగుల్లో ఎర్ర సిరా ఉత్తరం నాకు కనబడలేదు. ఏమిటది? ఎందుకు తగలబెట్టమంటున్నావు? నా దగ్గర దాచేంతటి వాడివి ఎప్పుడయ్యావురా?

నీ
సున్నా

*

ఆదివారం

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని రెండు రోజులు వంతెన మీద తిరిగాను. నా ఉత్తరం మీద ఒక్క గీత లేదన్నావే, ఆ వాక్యమే మళ్ళీ మళ్ళీ తీసి చదివాను. నువ్వు చెప్పేది నిజమేనని అప్పుడే నమ్మాను. ఎందుకు దిద్దరో నాకు తెలుసు కాబట్టి.

హాస్టల్లో ఉన్నప్పుడు నేను రాసిన ప్రతి ఉత్తరమూ ఎర్ర సిరాతో తిరిగొచ్చేది నీకు గుర్తుందా? కింద తప్పుల లెక్క, దాని కింద 'మళ్ళీ రాసి పంపు'. మిగతా పిల్లలు చూసి పడీ పడీ నవ్వేవాళ్ళు. ఎప్పటికైనా నాన్న రాతలో ఒక్క తప్పు పట్టాలని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఇరవై ఏళ్ళు చూశాను, దొరకలేదు.

పోయే ముందు నెలలో ఆయన దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. దాని నిండా తప్పులే. దీర్ఘాల్లేవు, ఒత్తుల్లేవు, గుణింతాలు గాల్లో ఉన్నాయి. నాకేమనిపించాలి? ఎవరికైనా ఏమనిపిస్తుంది? నేనేం చేశానో తెలుసా, ఎగిరి గంతేశాను. దొరికిపోయారు నాన్నా అని కేకేశాను. స్టోర్సుకి వెళ్ళి ఎర్ర పెన్ను తెచ్చుకుని మరీ కూర్చున్నాను. ఇరవై ఒక్క తప్పులు. ఒక్కోటీ సున్నితంగా దిద్దాను, మార్జినులో గీతలు, గీతల మీద కొక్కేలు, అన్నీ ఆయన వేసినట్టే. కింద 'ఇరవై ఒకటి. మళ్ళీ రాసి పంపండి' అని రాసి ఆ రోజే పోస్టు చేశాను.

అందులో రెండు వాక్యాలు నాకు కంఠతా వచ్చు. 'చెయి మట వినడం లేదు. ఒకసరి ర.' నేను య కింద ఒత్తు పెట్టాను. మ కి దీర్ఘం, స కి దీర్ఘం, ర కి దీర్ఘం. చెయ్యి మాట వినడం లేదు, ఒకసారి రా. ఎంత శుభ్రంగా దిద్దానో! దిద్దాను గానీ చదవలేదు అక్కా. ప్రూఫులు చూసేవాడు చదవకూడదు, చదివితే తప్పు జారిపోతుంది, చూడాలంతే అని ఆయనే నేర్పారు. నేను చూశాను. కన్న తండ్రి రమ్మని పిలిస్తే దీర్ఘం పెట్టి తిప్పి పంపాను.

మళ్ళీ ఆయన నుంచి ఉత్తరం లేదు. మూడు వారాలకి నీ ఫోన్. ఆ రోజు వరండాలో డాక్టరు నాకు చెప్పాడు, కొన్నాళ్ళుగా మెదడులో చిన్న చిన్న దెబ్బలు తగులుతూ వచ్చాయట, అలాంటప్పుడు ముందు రాత చెడుతుందట. నీకు తెలుసా అక్కా అని నిన్నడిగాను, తెలీదన్నావు. పక్కనున్న నీకే తెలియకపోతే దూరంగా ఉన్న నాకెలా తెలుస్తుందని ఎవరైనా అంటారు. కానీ నా చేతిలో రుజువు ఉంది. వెంట్రుకంత పగులు కనిపెడతానని కంపెనీ నన్ను కూర్చోబెట్టింది. ఇంత పెద్ద పగులు చుట్టూ ఎర్రగా గీసి, బాగా కనిపెట్టానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

అందుకే ఆ గదిలోకి రాలేకపోయాను. అందుకే ఆయన నా ఉత్తరం ముట్టుకోవడం లేదు.

దీంతో పాటు ఒక కాగితం పెడుతున్నాను. నాన్నకి క్షమాపణ రాశాను, కావాలనే తప్పులతో రాశాను. అన్నీ తెలిసి తప్పు రాయడం ఎంత కష్టమో ఇప్పుడే తెలిసింది. దీన్ని బల్ల మీద పెట్టు. ఒక్కటంటే ఒక్కటి దిద్దినా చాలు, వచ్చేస్తాను. దిద్దకపోతే ఏ మొహం పెట్టుకుని రాను?

నీ
పొల్లు

*

శనివారం

ప్రియమైన తమ్ముడికి,

నీ కాగితం మూడు రోజులు బల్ల మీద ఉంచాను. కుర్చీ జరిగింది, పెన్సిలు చెక్కిన చప్పుడైంది. నీ కాగితం మీద గీత పడలేదు.

మూడో రోజు నేనే పెన్సిలు చేతిలోకి తీసుకున్నాను. నాన్న గీత నాకు కొట్టినపిండి. రెండు దీర్ఘాలు, ఒక ఒత్తు పెట్టి పంపిస్తే నువ్వు మర్నాడే బండెక్కుతావు. పెన్సిలు కాగితానికి ఆనించాను కూడా. చెయ్యి కదల్లేదు. మళ్ళీ దొంగ దిద్దుబాటేనా అని నా మీద నాకే అసహ్యమేసింది. ఇప్పుడు చెప్పేది చదివాక నీ ఇష్టమొచ్చినంత తిట్టు. మధ్యలో మాత్రం ఆపకు.

నాకు తెలుసురా. ఆయన పోవడానికి ఎనిమిది నెలల ముందు నుంచీ తెలుసు. ఆ రోజు తెలీదని నీకు అబద్ధం చెప్పాను.

మొదటి దెబ్బ తగిలినప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. "పొల్లుగాడికి తెలియనివ్వకమ్మా, పనొదిలేసి పరిగెత్తుకొస్తాడు," అన్నారు నాన్న. అప్పట్నుంచి నీకు రాసే ప్రతి ఉత్తరమూ ముందు నాకిచ్చేవారు. నేను దిద్దేదాన్ని, ఆయన చూసి మళ్ళీ రాసేవారు. నీకొచ్చిన ఆ తప్పుల్లేని ఉత్తరాలన్నీ అలా వచ్చినవే. నలభై ఏళ్ళు ఊరందరి రాతలు దిద్దినాయన, బడిపిల్లాడిలా నా ముందు కాగితం పట్టుకుని నిలబడేవారు.

ఒక ఆదివారం షాపులో రెండు డ్యూటీలు చేసి వచ్చాను. ఆయన ఉత్తరం తెచ్చారు. నాలుగుసార్లు దిద్దిన పదమే మళ్ళీ తప్పు రాశారు. "రోజంతా డాక్టర్ల కోడిగీతలు చదివి చచ్చి వస్తున్నాను, ఇంట్లో కూడా ఇదేనా? ఎలా ఉంటే అలా పంపండి," అని కసిరాను. ఆయన కాగితం మడిచి, చెప్పులేసుకుని, తనే వెళ్ళి డబ్బాలో వేసి వచ్చారు. నీకు అందింది ఆ ఉత్తరమే. నువ్వు చదవలేదంటున్నావు, నేను దిద్దనే లేదు.

ఇక నీ ఎర్ర సిరా సంగతి. ఏమిటదని నిన్నడిగాను గానీ, అది నాకు ముందే తెలుసు. అది వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. పదకొండు గంటలైంది. విప్పి చూశారు. చూసి నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వారు. "చూశావటే, మళ్ళీ రాసి పంపమన్నాడు! నన్ను!" అని వీధిలోకి వినబడేలా అన్నారు. మేడ మీదికి వెళ్ళి టైలరమ్మకి చూపించి వచ్చారు. ఆ పూటే బల్ల ముందు కూర్చున్నారు. ఇరవై రోజులు, రోజూ పదకొండింటికి. కుర్చీ లాక్కోవడం, పెన్సిలు చెక్కుకోవడం, రాయడం. నన్ను దిద్దనివ్వలేదు. నా పరీక్ష నేనే రాసుకోవాలి అన్నారు. ఒక్కో ప్రతి కిందా తనే తప్పులు లెక్కేసుకునేవారు. పదిహేడు, పదిహేను, మళ్ళీ పద్దెనిమిది, పది, ఆరు. పదిహేడో ప్రతి అయ్యాక కవరులో పెట్టి, "రేపు పోస్టు చెయ్యమ్మా," అని నా చేతికిచ్చారు. తెల్లారేసరికి ఆయన లేరు.

కవరు విప్పాను. అందులో నా గుట్టంతా ఉంది. అప్పటికే నీకు తెలీదని చెప్పేశాను. నువ్వు నా వైపు చూసి మొహం తిప్పుకున్నావు, నా అబద్ధం పసిగట్టావనుకున్నాను. తర్వాత నువ్వు రాకపోవడమూ, ఆ పొడి ఉత్తరాలూ అన్నీ నా మీద కోపమే అనుకున్నాను. ఇవాళ పోస్టు చేస్తాను, రేపు చేస్తాను అనుకుంటూ నా బట్టల పెట్టె అడుగున దాచాను. నువ్వక్కడ ఇలా కుమిలిపోతున్నావని నాకు తెలియదురా. నా పరువు కాపాడుకోవడానికి నాలుగు నెలలు నీకు అన్నం సయించకుండా చేశాను.

ఆయన నీ ఉత్తరం ఎందుకు ముట్టుకోవడం లేదో నీ ఒప్పుకోలు చదివాక నాకు తెలిసింది. నాన్న ఎప్పుడైనా జవాబు రాయకుండా ఒట్టి దిద్దుబాట్లు మాత్రం తిప్పి పంపారా? అది మర్యాద కాదనేవారు. నీ బాకీ జవాబు నా పెట్టెలో ఉంటే ఆయన నీ కాగితం మీద చెయ్యి ఎలా వేస్తారు? కోపం కాదురా, పద్ధతి.

ఇదిగో, పంపుతున్నాను. ఆయన చేత్తో రాసింది.

'పొల్లూ,

నీ దిద్దుబాట్లు అందాయి. ఇరవై ఒకటి అన్నావు. నిజానికి ఇరవై మూడు. రెండు వదిలేశావు, అయినా మొదటిసారికి బాగానే చూశావు.

జబ్బు అని తెలిసిన దగ్గర్నుంచి అందరూ నా తప్పులు చూసీ చూడనట్టు పోతున్నారు. ప్రెస్సులో నా వెనక నుంచి దిద్దుకుంటున్నారు. నువ్వొక్కడివే మళ్ళీ రాయమన్నావు. నేనింకా రాయగలననుకున్నది నువ్వొక్కడివే. ఇది పదిహేడో ప్రతి.

మొదటి దానిలో ఒకసారి రా అని రాశాను. ఆ వాక్యం ఇందులో తీసేశాను. ఆ రోజు భయమేసి రాశాను, ఇప్పుడు భయం లేదు. వంతెన పూర్తిచేసి తీరిగ్గా రా.

అక్కని కోప్పడకు. ఎనిమిది నెలలుగా నా ఉత్తరాలు దిద్దింది తనే. నీకు చెప్పొద్దన్నది నేను. ఒకరోజు విసుక్కుంది, విసుక్కోకపోతే నీ ఎర్ర సిరా నాకు దక్కేది కాదు.

ఇందులో తప్పులుంటే చెప్పు. మళ్ళీ రాస్తాను.

నాన్న'

ఇదీ, నీ క్షమాపణ కాగితమూ కవరులో పెట్టి పోస్టాఫీసుకి వెళ్తున్నాను. డబ్బాలో వెయ్యను, కిటికీలో మనిషి చేతికే ఇస్తాను. తర్వాత నువ్వు నాతో మాట్లాడినా మాట్లాడకపోయినా నీ ఇష్టం.

అక్క

*

మంగళవారం

ప్రియమైన సున్నక్కా,

నువ్వు పంపిన కవరు నిన్న పొద్దున అందింది. రేకుల గదిలో తలుపేసుకుని చదివాను. చూడలేదు, చదివాను. తర్వాత చాలాసేపు ఏడ్చాను. వెల్డరు తలుపు కొట్టి, "ఏం సార్, ఎక్కడైనా అతుకు ఊడిందా?" అన్నాడు. లేదు, పడింది అన్నాను.

నిన్ను తిట్టనా? ఎనిమిది నెలలు ఆయన్ని ఒక్కదానివే మోశావు, నాలుగు నెలలు ఈ ఉత్తరాన్ని ఒక్కదానివే మోశావు. నాతో అబద్ధమాడినందుకు నాలుగు రోజులు అలుగుతాను, అదైనా నీ ఎదురుగా కూర్చుని అలుగుతాను. ఆ రోజు నేను మొహం తిప్పుకున్నది నీ అబద్ధం తెలిసి కాదే పిచ్చిదానా, నా సిగ్గు నీకు కనబడకూడదని.

కవరు పోస్టు చేసినప్పట్నుంచి అక్కడ గది నిశ్శబ్దంగా ఉండుంటుంది. పదకొండింటికి టీ పెట్టుకుని కూర్చుని, కుర్చీ కదలక, నువ్వు ఏడుస్తూ ఉంటావు. ఏడవకు. ఇవాళ పదకొండింటికి ఇక్కడ నా ఎదురుగా ఉన్న ఇనుప స్టూలు తనంతట తనే జరిగింది. గాలి లేదు, ఎలకా లేదు. నేను కదలకుండా కూర్చున్నాను. పెన్సిలు చెక్కుతున్న చప్పుడు విన్నాను.

నిన్న రాసిన తనిఖీ రిపోర్టు బల్ల మీద ఉంది. చివర 'అతుకులన్నీ సంత్రుప్తికరం' అని రాశాను. క్రావడీ కొమ్మూ కొట్టేసి, త కింద చక్కగా ఋత్వం పెట్టి ఉంది. పక్కన నిలువు గీత, మీద కొక్కెం. నువ్వు తిప్పి పంపిన నా క్షమాపణ కాగితం పక్కనే ఉంది కదా, అందులో నేను కావాలని పెట్టిన తప్పులు ఒక్కటీ దిద్దలేదు. కాగితం మొత్తానికీ అడ్డంగా ఒకే ఒక్క గీత కొట్టేశారు.

రిపోర్టు అలాగే తీసుకెళ్ళి పై ఇంజనీరుకిచ్చాను. "ఇదెవరు దిద్దారయ్యా?" అన్నాడు. మా నాన్న అన్నాను. ఆయనెక్కడుంటారన్నాడు. ప్రస్తుతం నాతోనే ఉన్నారు, ఇంటి దగ్గర దింపి రావాలి, వారం రోజులు సెలవు కావాలన్నాను. ఇచ్చాడు.

గది సర్దకు, నేనొచ్చాక సర్దుదాం. ఆ బల్ల మాత్రం నీ కొత్త వాటాలో ఏ మూల పడుతుందో కొలిచి ఉంచు.

గురువారం పొద్దున బండికి ఇద్దరం వస్తున్నాం.

నీ
పొల్లు